కమ్మూన్‌కి రాసిన పథ్యం

ఆ ఉదయం సఫ్వత్ వేసుకున్న పథకం చాలా మామూలుది. పిల్లికి తిండి పెట్టాలి, ఆఫీసుకి వెళ్ళాలి, సాయంత్రం కింది అంతస్తులో ఉండే లుత్ఫీ గారి తలుపు కొట్టి, ఆయన కూతురు నెర్మీన్‌ని తనకిచ్చి పెళ్ళి చేయమని అడగాలి. ఈ మూడింటిలో చివరిది కష్టమని అతను వేసవి మొదటి నుంచీ భయపడుతూ వచ్చాడు. అసలు కష్టం మొదటిదేనని ఆ పూట తెలిసింది.

పిల్లి పేరు కమ్మూన్. ఒళ్ళంతా జీలకర్ర రంగు కనుక జీలకర్ర పేరే పెట్టారు. వయసు మీదపడి దానికి మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. వైద్యం చేసే డాక్టరు నెర్మీనే. "ఇకమీదట దీనికి ఈ టిన్ను తిండి ఒక్కటే. ఉప్పు జున్ను వద్దు, చేప తలలు వద్దు, మీ అమ్మగారి చేతి ముద్దలూ వద్దు" అని ఆమె చెబితే, సఫ్వత్ పాఠం అప్పజెప్పినట్టు మొత్తం తిరిగి చెప్పాడు. అలా అప్పజెప్పే అతను డిగ్రీ దాకా వచ్చాడు. అలెగ్జాండ్రియా ట్రాము కండక్టరు కొడుకు, ఆ ఇంట్లో మొదటి పట్టభద్రుడు, నీటి పరీక్షల ఆఫీసులో ఉద్యోగి. చెప్పింది చెప్పినట్టు చేయడం తప్ప తనకింకో ప్రతిభ లేదని తన గురించి తనే ఒప్పుకునేవాడు.

కానీ కమ్మూన్ చదువుకోలేదు. పళ్ళెంలో ముద్ద పెడితే వాసన చూసి, వెనక్కి తగ్గి, మట్టి కప్పుతున్నట్టు నేలని కాలితో గీరింది. సఫ్వత్ దాన్ని కాస్త వేడి చేశాడు. బతిమాలాడు. చివరికి నేల మీద బోర్లా పడుకుని, రుచిగా ఉందన్నట్టు పెదాలు చప్పరించి చూపించాడు. విశ్వవిద్యాలయం తనకిచ్చిన పట్టా ఎదురుగోడకి వేలాడుతూ ఇదంతా చూస్తోంది. కమ్మూన్ మాత్రం వంటింటి కిటికీలోంచి దూకి పైపుల మీదుగా ఎటో వెళ్ళిపోయింది.

మిగిలినదాన్ని అతను ఒక గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాడు. టిన్ను తీసుకెళ్ళి తన బట్టల బీరువాలో దాచాడు. పిల్లికి కొట్లో తిండి కొంటున్నారని తెలిస్తే అతని తల్లి ఇన్సాఫ్‌కి గుండె ఆగుతుంది. అందుకే ఆ గిన్నెలో ఏమిటని ఆవిడ అడిగితే, "ఆఫీసులో పార్టీ జరిగిందమ్మా, అక్కడ ఇచ్చారు" అన్నాడు. అతను సాధారణంగా అబద్ధం ఆడడు. అలవాటు లేని పని కనుక, అది ఎటు పోతుందో చూసుకోకుండా ఆఫీసుకి బయలుదేరాడు.

అతను వెళ్ళిన కాసేపటికి ఇన్సాఫ్‌కి వంటింట్లో లుత్ఫీ గారి పళ్ళెం కనబడింది. పండక్కి ఆయన కహ్క్ బిస్కెట్లు పంపిన పళ్ళెం అది. పండగ వెళ్ళి ఎన్నాళ్ళో అయింది, పళ్ళెం ఇంకా ఇక్కడే ఉంది. సాయంత్రం కొడుకు పిల్లనడగడానికి వెళ్తుంటే ఎంత పరువు తక్కువ. పోనీ తిరిగి పంపుదామంటే, ఒకరింటి పళ్ళేన్ని ఖాళీగా పంపే వంశం కాదు ఆవిడది. ఏదైనా వండుదామంటే ఆ పొద్దునే గ్యాస్ సిలిండరు అయిపోయింది. ఫ్రిజ్ తెరిచింది. గాజు గిన్నెలో గోధుమరంగు ముద్ద, మెత్తగా, కాలేయం నూరి చేసినట్టుగా ఉంది. దాన్ని పళ్ళెంలో గుండ్రంగా సర్ది, చుట్టూ కొత్తిమీర పరిచి, పైన నిమ్మచక్కలు పెట్టింది. తర్వాత బాల్కనీ బుట్టలో పెట్టి, తాడు వదులుతూ కిందికి దించింది.

సాయంత్రం సఫ్వత్ ఇంటికి వచ్చేసరికి తల్లి మెట్ల మీదే ఎదురైంది.

"ఒరేయ్, నీ పని అయిపోయినట్టే. లుత్ఫీ గారికి నా వంట తెగ నచ్చేసింది. కిందనుంచి కేకేసి మరీ చెప్పారు."

"ఏం వంటమ్మా?"

"ఆ కాలేయం ముద్ద. మీ ఆఫీసుదని ఎందుకు చెప్పాలిలే అని నేనే చేశానన్నాను. మూడో అంతస్తావిడ కూడా బాల్కనీలో నుంచుని వింది. ఏం మసాలాలు వేశావని ఒకటే అడుగుడు."

సఫ్వత్ మెట్ల కమ్మీ పట్టుకున్నాడు. నిజం చెబితే తల్లి ఈ మెట్ల మీద ఇక తలెత్తుకోలేదు. చెప్పకపోతే, కాబోయే మామగారికి పిల్లి పథ్యం తినిపించినవాడిగా తను మిగులుతాడు. తల్లిని వదిలేసి మామగారికే చెప్పడం ధర్మమని తేల్చుకుని, చొక్కా సర్దుకుని తలుపు కొట్టాడు.

లుత్ఫీ గారు కస్టమ్స్‌లో చేసి రిటైరయ్యారు. పెద్ద మీసం, పెద్ద బొజ్జ, ఆ రెండింటి మధ్యా చెడ్డ రక్తపోటు, అంతకంటే చెడ్డ మూత్రపిండాలు. ఆయన సఫ్వత్‌ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని బుగ్గల మీద ముద్దుపెట్టారు.

"బాబాయ్ గారూ, ఆ పళ్ళెంలో ఉన్నది..." అని సఫ్వత్ మొదలుపెట్టాడు.

"పదార్థం ఏదైతేనేం నాయనా. పంపిన చెయ్యి ముఖ్యం" అంటూ ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించారు. "మా అమ్మాయికి మాత్రం చెప్పకు. తను చేసి పెడుతుంటే నేను ఇంకొకరి వంట మెచ్చుకున్నానంటే చిన్నబుచ్చుకుంటుంది. ఇంకేమైనా చెప్పాలా?"

నిజం చెప్పడానికి తెచ్చుకున్న ధైర్యమంతా అప్పటికి నోటి దాకా వచ్చేసింది. వచ్చింది వృథా పోకుండా, దాంతోనే పెళ్ళి మాట అడిగేశాడు.

లుత్ఫీ గారు మీసం దువ్వుకున్నారు. "మా అమ్మాయి నిన్ను రెండుసార్లు మంచివాడంది. ఇంకెవర్నీ ఒక్కసారి కూడా అనలేదు. గురువారం మా అన్నయ్య తాంతా నుంచి వస్తున్నాడు. ఆయన ముందు ఫాతిహా ప్రార్థన చదివి మాట ఖాయం చేసుకుందాం. కానీ ఒకటి. అంతవరకు మీ అమ్మగారు ఆ పళ్ళెం పంపడం మానకూడదు."

"రోజూనా?"

"రోజూ. ఇచ్చిపుచ్చుకోవడంలోనే కదా మనుషుల మధ్య ప్రేమ. ఇదిగో, నెర్మీన్ చేసింది, తీసుకెళ్ళు." సొరకాయ లాంటి కూసా కాయలు, ఉడకబెట్టినవి, వాటి కింద తెల్లటి అన్నం. ఒక గిన్నెడు ఆయన తన చేతులతో సఫ్వత్ చేతిలో పెట్టారు.

అలా పళ్ళేల రాకపోకలు మొదలయ్యాయి. పొద్దున్నే, సఫ్వత్ ఆఫీసు పేరు చెప్పి గిన్నెలో తల్లికిచ్చిన టిన్ను తిండి కొత్తిమీరతో ముస్తాబై బుట్టలో కిందికి దిగేది. సాయంత్రం కూసా కాయలు పైకి వచ్చేవి. సఫ్వత్ వాటిని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. తల్లి వండినదంతా పక్కకి తోసి వాటినే తినేవాడు. వాటిలో ఉప్పు లేదు, నూనె లేదు, నములుతుంటే తడి కాగితం గుర్తొచ్చేది. ఇంత సాదాగా వండే అమ్మాయి మనసెంత సాదాగా ఉంటుందో అనుకుని, అతను గిన్నె అడుగు దాకా గీరి తినేవాడు.

అతన్ని దొలిచింది కమ్మూన్ సంగతి. దాని పథ్యమంతా కిందికి పోతోంది. ఇంట్లో పెట్టింది ఏదీ అది ముట్టడం లేదు. పగలంతా ఎక్కడో తిరిగొచ్చి హాయిగా పడుకుంటోంది. ఉన్న టిన్నులు అయిపోయి, మళ్ళీ నెర్మీన్ క్లినిక్‌కి వెళ్ళక తప్పలేదు.

"అప్పుడే అయిపోయాయా? పిల్లిని తీసుకురండి సఫ్వత్ గారూ, ఒకసారి చూడాలి" అంది నెర్మీన్.

తీసుకెళ్ళాడు. ఆమె దాన్ని తూచింది, రక్తం తీసి పరీక్ష చేసింది, కాగితం చూసి కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసుకుంది. సఫ్వత్ తప్పు చేసిన కుర్రాడిలా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంత బాగా కోలుకున్న ముసలి పిల్లిని నేను చూడలేదు. ఈ తిండి తినిపించడం ఎంత కష్టమో నాకు తెలుసు. చాలామంది వల్ల కాదు. మీరెలా చేశారు?"

ఇక దాచలేక అతను, "డాక్టర్ గారూ, నిజానికి ఇది ఆ తిండి తినడం లేదండీ" అన్నాడు.

నెర్మీన్ నవ్వింది. "మీరు మరీ వినయం చూపిస్తున్నారు. మనుషులు అబద్ధం చెప్తారు గానీ రక్తం చెప్పదు." తర్వాత కొంచెం ఆగి, కమ్మూన్ చెవి వెనక గోకుతూ, "మా నాన్న కూడా ఈ మధ్య నేను వండిందంతా మారు మాట్లాడకుండా ఖాళీ చేస్తున్నాడు. అయినా రక్తపోటు మాత్రం దిగడం లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నానో తెలియడం లేదు" అంది.

సఫ్వత్‌కి తెలుసు. ఆ పెద్దాయన నానాటికీ పాడవుతున్నది తన వల్లే. పిల్లి మూత్రపిండాలకి చేసిన మందు మనిషి మూత్రపిండాల మీద ఎలా పని చేస్తుందో తన డిగ్రీలో చెప్పలేదు. ఆ వారంలో మిగిలిన రోజులన్నీ అతను తనని తను ఒక హంతకుడిగా, అదీ కొత్తిమీర చల్లే హంతకుడిగా ఊహించుకున్నాడు.

గురువారానికి పెద్ద పళ్ళెం నిండా ఆ వంటకమే చేసుకు వెళ్దామని ఇన్సాఫ్ నిర్ణయించింది. ఆవిడ బాల్కనీలోంచి ఆ మాట చెప్పగానే లుత్ఫీ గారు కిందనుంచి కేకేశారు. "వద్దు వదిన గారూ, ఆ రోజుకి మాత్రం వద్దు. శ్రమ పడకండి."

"శ్రమేముంది అన్నయ్య గారూ."

"దేవుడి మీద ఒట్టు, వద్దు."

"మీరు ఒట్టు పెడితే నేనూ పెడతాను. తేవలసిందే."

ఆ ఊళ్ళో వద్దు అన్నది ఎన్నిసార్లన్నా మర్యాదగానే లెక్క. ఆయన నాలుగోసారి వద్దనేసరికి, ఈయనకి ఈ వంటకమంటే ఇంత ప్రాణమా అని ఆవిడ ఇంకో టిన్ను కలిపింది. టిన్నని ఆవిడకి తెలియదు, కొడుకు తెచ్చిచ్చిన గిన్నె అనే తెలుసు. పైన అక్రోటు పలుకులు, దానిమ్మ గింజలు అలంకరించింది. చూస్తే రాజుల విందులోంచి ఎత్తుకొచ్చినట్టు ఉంది.

గురువారం సాయంత్రం అందరూ లుత్ఫీ గారి హాలులో చేరారు. తాంతా పెద్దాయన హాజీ షుక్రీ సోఫా మొత్తం తనే ఆక్రమించాడు. నెర్మీన్ గులాబీ షర్బత్ తెచ్చి అందరికీ ఇచ్చింది, సఫ్వత్‌కి ఇచ్చేటప్పుడు తల వంచింది. ఇన్సాఫ్ పళ్ళెం మీది గుడ్డ తీసింది.

"ముందు ఫాతిహా చదువుదాం, తర్వాత తిందాం" అన్నారు లుత్ఫీ గారు తొందరగా.

"ముందు తిందాం. ఖాళీ కడుపుతో నేను దేవుడితో మాట్లాడలేను" అని హాజీ షుక్రీ రొట్టె తుంచి, పళ్ళెంలో ముంచి, ఒక పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్దకి చెయ్యి చాచాడు.

సఫ్వత్ లేచి నిలబడ్డాడు. కూర్చుంటే నెర్మీన్ దక్కుతుంది. నిలబడితే దక్కదు. అది తెలిసే నిలబడ్డాడు.

"తినకండి హాజీ గారూ. అది పిల్లి తిండి. తప్పు మా అమ్మది కాదు, నాది. కమ్మూన్‌కి ఇచ్చిన పథ్యం అది. అమ్మకి ఆఫీసులో ఇచ్చారని అబద్ధం చెప్పాను. బాబాయ్ గారు వారం నుంచి అదే తింటున్నారు. ఆయన రక్తపోటు దిగకపోవడానికి కారణం నేనే."

ఇన్సాఫ్ మొహాన ముసుగు లాక్కుంది. నెర్మీన్ వంగి పళ్ళెం వాసన చూసింది.

"ఇది నా క్లినిక్‌లోదే" అంది. తండ్రి వైపు తిరిగింది. "నాన్నా, వారం నుంచి నువ్వు ఇది తింటున్నావా?"

లుత్ఫీ గారు పైకప్పు వైపు చూశారు. అవునంటే పిల్లి తిండి తిన్నట్టు. కాదంటే అంతకంటే ప్రమాదం. ఇంతలో బాల్కనీ తలుపు సందులోంచి కమ్మూన్ వచ్చింది. ఎవరినీ పలకరించకుండా, ఎంతో అలవాటున్నదానిలా, ఆయన కుర్చీ పక్కన కూర్చుని ఆయన మోకాలి మీద కాలేసింది.

"ఓ. అయితే తిన్నది ఇదా" అంది నెర్మీన్.

"జీవితమంతా కస్టమ్స్‌లో పెట్టెలు వాసన చూసిన ముక్కమ్మా ఇది. మొదటి రోజే తెలిసిపోయింది" అన్నారు లుత్ఫీ గారు. "పాపం వదిన గారు అంత ముచ్చటగా పంపారు. పారెయ్యలేక బాల్కనీలో పెడితే ఇది తినేసింది. మా ఇంట్లో బాగానే తింటుంది. పక్కింటి తిండి రుచి కదా."

"మరి నేను నీకు వండిన కూసా కాయలు ఏమయ్యాయి?"

"పళ్ళెం వస్తే ఖాళీగా పంపలేం కదమ్మా" అంటూ ఆయన సఫ్వత్ వైపు చూశారు. సఫ్వత్ నెమ్మదిగా చెయ్యెత్తాడు, బడిలో ఎత్తినట్టు.

"నేను తిన్నానండీ."

"ఉప్పు లేకుండానా?"

"మీరు నా కోసం చేశారనుకున్నాను."

"అన్నీ?"

"అన్నీ. ఈ మధ్య మెట్లెక్కుతుంటే కళ్ళు తిరుగుతున్నాయి. అది మీ గురించే అనుకున్నాను."

నెర్మీన్ పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకోవడానికో, ఏడుపు ఆపుకోవడానికో సఫ్వత్‌కి అర్థం కాలేదు. ఆమె లోపలికి వెళ్ళి, వంటింట్లో అటూ ఇటూ వెతికి, నీళ్ళ డబ్బా వెనక నుంచి ఉప్పుచేపల పొట్లం పట్టుకొచ్చింది. బాల్కనీ బుట్టలు ఆయనకీ ఉన్నాయి, కింద కిరాణా కొట్టూ ఉంది.

"రేపు పొద్దున్నే రక్త పరీక్ష" అంది తండ్రితో.

"రేపే ఎందుకమ్మా? ముందు శుభకార్యం కానీ" అని లుత్ఫీ గారు వెంటనే అరచేతులు రెండూ పైకి చాచారు. "పిల్లవాడు నిజం చెప్పాడు. పైగా నీ వంట వారం రోజులు అడుగు దాకా తిన్నాడు. ఇలాంటివాడు ఈ దేశంలో ఇంకొకడు దొరకడు. అన్నయ్యా, చదువు."

"అమ్మాయి ఏమంటుంది?" అన్నాడు హాజీ షుక్రీ.

నెర్మీన్ సఫ్వత్ ఎదురుగా కూర్చుంది. "ఇకమీదట ఆయనకి వేరే, మీకు వేరే వండుతాను. మీ దాంట్లో ఉప్పు వేస్తాను" అంది. అంతకంటే స్పష్టమైన మాట ఆ గదిలో ఎవరికీ అక్కర్లేకపోయింది. అందరూ ఫాతిహా చదివి చేతులు మొహానికి రాసుకున్నారు.

ఇన్సాఫ్ ముసుగు కొంచెం తొలగించి, "దానిమ్మ గింజలు మాత్రం నేనే ఒలిచాను" అంది.

వెళ్ళేముందు హాజీ షుక్రీ ఆవిడని గుమ్మం దగ్గర పక్కకి పిలిచి, పెళ్ళి విందులో ఈ వంటకం ఉంటుందా అని గుసగుసగా అడిగి, ఉంటే తాంతా నుంచి వచ్చే అరవై మందికీ సరిపడా చేయించమని చెప్పి వెళ్ళాడు.