పడకగదిలో ప్రభుత్వ గాలి

"ఇకమీదట పౌరుడు పీల్చే ప్రతి ఊపిరికీ ప్రభుత్వమే పూచీ" అని గృహనిర్మాణ మంత్రిగారు ప్రకటించిన రోజున, ఆ శాఖలో పాతికేళ్లుగా ఫ్యాన్లు బిగిస్తున్న మేస్త్రి మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టాడు. తన పని గురించి ఒక మంత్రి మాట్లాడగా వినడం అతనికి అదే మొదటిసారి.

నిజానికి పథకం మంచిదే. పడకగది గోడకు అరచేతంత పెట్టె పెడతారు. మనుషులు వదిలిన ఊపిరి గదిలో పేరుకునేకొద్దీ దాని మీద అంకె పెరుగుతుంది. వెయ్యి దాటిందా, ఎర్రదీపం వెలిగి గోడలోని ఫ్యాను దానంతటదే తిరుగుతుంది. చెడుగాలి బయటికి, మంచిగాలి లోపలికి. ఎవరూ నిద్రలేచి స్విచ్ నొక్కక్కర్లేదు.

మొదటి ఇల్లుగా కాలనీ చివర బట్టలు కుట్టే ఆవిడ ఇంటిని ఎంచుకున్నారు. ఆవిడ మామగారికి ఆయాసం. మేస్త్రి రెండు రోజులు కూర్చుని, సొంతింటికి చేసినట్టు చేశాడు. శాఖ డైరెక్టరుగారు వచ్చి చూసి, కిటికీకి మేకులు కొట్టించారు.

"కిటికీ తెరిచి ఉంటే పేరు కిటికీకి పోతుందయ్యా" అన్నారు.

వారం తిరక్కుండా మామగారు మేస్త్రిని వీధిలో పట్టుకుని ఆపాడు. "ఆరేళ్ల తరవాత తెల్లారేదాకా పడుకున్నాను మేస్త్రీ. మా కోడలు భయపడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసిందట." ఆ రోజు మేస్త్రి ఇంటికి నడిచే వెళ్లాడు గానీ కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ తరవాత ప్రారంభోత్సవం జరిగింది.

పదడుగుల గదిలోకి మంత్రిగారితో కలిపి ఇరవైముగ్గురు ప్రవేశించారు. మంచం ఎక్కి నిలబడ్డవాళ్లు ఆ లెక్కలో లేరు. మంత్రిగారు గొంతు సవరించుకునేసరికి అంకె తొమ్మిది వందలు. "సోదర సోదరీమణులారా" అనేసరికి పన్నెండు వందలు. ఆయన ప్రజలకు ఏమేం చేశారో చెప్పేకొద్దీ పెట్టె ఎర్రగా మండిపోయింది, ఫ్యాను విమానంలా మోత అందుకుంది, ప్రసంగం కాగితాలు లేచి కార్యకర్తల నెత్తిన పడ్డాయి. పిలవని టీవీవాళ్లు మాత్రం అంతా శ్రద్ధగా తీశారు. సాయంత్రానికి వార్త వచ్చింది: 'మంత్రి నోరు తెరిచారు, గాలి పాడైంది.'

మర్నాడు పొద్దున్నే మేస్త్రికి కబురొచ్చింది. డైరెక్టరుగారి గదిలో మంత్రిగారి పీఏ కూడా ఉన్నాడు.

"అంకె ఎందుకు పెరిగింది?" అన్నారు డైరెక్టరుగారు.

"జనం ఊపిరి వదిలారు సార్."

"మంత్రిగారు కూడానా?"

"అందరితో పాటే సార్."

"అది రిపోర్టులో వద్దు. అసలు మంచిగాలి అంకె ఎంత?"

"ఆరుబయట అయితే నాలుగొందల ఇరవై ఉంటుంది సార్."

పీఏ మొహం చిట్లించాడు. "ఫోర్ ట్వంటీనా? మంత్రిగారి ఫోటో పక్కన బాగుండదు. నాలుగొందల పంతొమ్మిది దగ్గర పర్మనెంటుగా ఆపెయ్."

"అలా ఆపితే ఫ్యాను ఇక తిరగదు సార్. కిటికీకి మేకులున్నాయి, గదిలో గాలాడదు. లోపల ఆయాసం మనిషి ఉన్నాడు."

"ఫ్యాను తిరగాల్సిన అవసరమే రానంత మంచిగాలి అన్నమాట" అన్నారు డైరెక్టరుగారు, ఆ వాక్యాన్ని తనే రాసుకుంటూ. "నీ రిటైర్మెంటు ఎప్పుడయ్యా?"

"రెండేళ్లుంది సార్."

"ప్రశాంతంగా అవనీ."

మేస్త్రి వెళ్లి పెట్టె మూత తీసి, చిన్న మర ఒకటి తిప్పి, మామగారి మొహం చూడకుండా వచ్చేశాడు. నాలుగు రోజులకు ఆ కుటుంబం మంచాలెత్తుకుని వసారాలోకి మారింది. పడకగదిలో కుట్టాల్సిన బట్టలు పెట్టుకున్నారు. ఆ బట్టల మధ్య పెట్టె పచ్చదీపంతో మూడు నెలలు ఏకధాటిగా నాలుగొందల పంతొమ్మిది చూపించింది. ఎండ కాసినా, వాన కురిసినా అది చలించలేదు. అంత స్థిరమైన గాలి ఎక్కడా నమోదు కాలేదని నిపుణుల కమిటీ తేల్చింది. ఉత్తమ పడకగది అవార్డు ప్రకటించారు.

సభకు మామగారిని కారులో తీసుకొచ్చారు. మంత్రిగారు శాలువా కప్పి, మైకు ఆయన నోటి దగ్గర పెట్టి అడిగారు: "ఇప్పుడు ఊపిరి ఎలా ఉంది పెద్దాయనా?"

"దివ్యంగా ఉంది బాబూ. వసారాలో పడుకుంటున్నాం."

సభ గతుక్కుమంది. డైరెక్టరుగారు మేస్త్రి వైపు చూశారు, మేస్త్రి చెప్పుల వైపు చూసుకున్నాడు. మంత్రిగారు మాత్రం గుక్కెడు నీళ్లు తాగేంత సేపే ఆగారు.

"విన్నారా? మంచిగాలి రుచి మరిగిన పౌరుడు పడకగదితో సరిపెట్టుకోలేక వసారా దాకా వచ్చాడు. ప్రజల ఆకాంక్ష నాకర్థమైంది. రెండో దశ ఇప్పుడే ప్రకటిస్తున్నాను. ప్రతి వసారాకూ ఒక యంత్రం."

చప్పట్లు మోగాయి. డైరెక్టరుగారు వంగి మంత్రిగారి చెవిలో ఏదో చెప్పారు. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది.

"...చుట్టూ మూసి ఉంటేగానీ యంత్రం పనిచేయదు సార్."

"అయితే మూయండి" అన్నారు మంత్రిగారు.

సోమవారం మేస్త్రి ఇటుకల బండితో, తాపీవాళ్లతో వచ్చి దిగాడు. మామగారు వసారాలో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రి పక్కన చతికిలబడ్డాడు.

"ఆ పెట్టెలో మర తిప్పింది నేనే బాబాయ్."

"తెలుసు. ఆ రోజు మా కోడలిచ్చిన మంచినీళ్లు కూడా ముట్టకుండా వెళ్లావు." ముసలాయన తాపీవాళ్లు తాడు పట్టి కొలుస్తుంటే చూస్తూ కూర్చున్నాడు. "సరే గానీ, మంచం వీధిలో వేసుకోవచ్చా?"

మేస్త్రి జేబులోంచి ఆర్డరు కాగితం తీసి, రెండు పేజీలూ చదివాడు.

"వీధికి ఇంకా పథకం రాలేదు" అని, లేచి మంచం రెండో కొస పట్టుకున్నాడు.