పదకొండు మంది మునియప్పలు

ఆదివారం ఎనిమిదింటిదాకా నిద్రపోవాలని నేత్రావతి అనుకుంది. మిగతా ఆరు రోజులూ మాలూరులో తెల్లవారుజామునే రైలెక్కి బెంగుళూరుకు పోయి ప్రోగ్రాములు రాసే మనిషికి అదేమంత పెద్ద కోరిక కాదు. కానీ ఆరింటికే పాల సొసైటీ సెక్రటరీ ఓబలప్ప తలుపు కొట్టాడు. సొసైటీ కంప్యూటరుకు ఊరికే ఒక ప్రోగ్రాము రాసిపెట్టడం ఆమె చేసిన తప్పు.

“మేలువీధి మునియప్ప పోయి పదైదు దినాలాయె కదమ్మా. లిస్టులో పేరు తీసెయ్. ఆడిట్టోళ్ళు చూస్తే నా మెడకు చుట్టుకుంటాది.”

మంచం మీదే లాప్‌టాప్ తెరిచి ‘మునియప్ప’ అని వెతికింది. దొరకలేదు. పేర్లకు ముందూ వెనకా ఏదో ఒకటి తగిలించడం ఓబలప్పకు అలవాటు. ఆవులిస్తూ, పేరులో ఎక్కడైనా ‘మునియప్ప’ అన్న ముక్క ఉంటే ఆ పేరు తీసెయ్యమని రాసి ముసుగు తన్నింది. పేరు తీసిన వెంటనే సంతాపం మెసేజీ దానంతట అదే వెళ్ళే ఏర్పాటు కూడా ఆమెదే.

మునీశ్వరుడికి మొక్కి పిల్లల్ని కన్న ఊరది; ఇంటికొక మునియప్ప. అరగంటకు మామ దొడ్డమునియప్ప నిండు క్యానుతో తిరిగొచ్చాడు.

“మిషను నా పాలు తీసుకోలేదమ్మా. నేను లేనంట!”

“యాడ లేరు మామా?”

“యాడా లేను. చచ్చిపోయినానని ఫోనుకు మెసేజీ గూడా వచ్చె. సొసైటీవాళ్ళు శానా బాధపడతా ఉండారంట.”

వెనకే చిన్నమునియప్ప, పాపమునియప్ప, ఇంకా ఎవరెవరో, మొత్తం పదకొండు మంది క్యాన్లతో వాకిట్లో నిలబడ్డారు. ఆ మెసేజీ ఎవరి చేతుల మీదుగానో బంగారు గనుల దగ్గర కోరమండల్‌లో ఉన్న మామ అక్క రామక్కకు చేరింది. ఫోనులో ఒకటే ఏడుపు.

“అక్కా, నేనే మాట్లాడతా ఉండాను!” అని అరిచాడు దొడ్డమునియప్ప.

“అయ్యో, గొంతు గూడా మా తమ్మునిదే!” అంటూ రామక్క ఇంకా గట్టిగా ఏడ్చింది.

“ఏడింటికి పాల లారీ వస్తాది. అంతలోపల నన్ను బతికించు తల్లీ. లేకుంటే పాలన్నీ మోరీలో పారబోసేదే,” అన్నాడు మామ.

నేత్రావతి నైటీ మీద తువ్వాలు వేసుకుని సొసైటీకి నడిచింది. పాత లిస్టు తెచ్చిపెట్టి పదకొండు మందినీ బతికించింది. లారీ హారను వినబడుతుండగా ఆఖరి క్యాను ఖాళీ అయింది.

“ఓబలన్నా, ఇంగ ఆ పోయినాయన పేరు యాడ ఉండాది?” అంది నీరసంగా.

ఇద్దరూ వేలు పెట్టి లిస్టంతా చదివారు. లేదు. పాలు పోసి చెంబు తుడుచుకుంటున్న మేలువీధి మునియప్ప పెళ్ళాం చిన్నవెంకటమ్మ వాళ్ళను వింతగా చూసింది.

“ఆయప్ప పేరు ఎందుకుంటాదమ్మా? మొదట్నుంచీ నా పేరుతోనే కదా పోసేది. ఒక్క దినమన్నా ఆవు దగ్గరికి పోయినాడా? నా పేరు మాత్రం తియ్యద్దు. నేనూ ఉండాను, ఆవూ ఉండాది.”

సొసైటీ రికార్డు ప్రకారం ఆ నెలలో ఊళ్ళో చావు ఒక్కటీ లేదు. తిరిగొచ్చినవాళ్ళు పదకొండు మంది.