గంట కట్టిన వాకర్

ఆ ఉదయం మామ్మ వేసుకున్న పథకం చిన్నదే. కాసేపట్లో ఫిజియోథెరపీ అమ్మాయి వస్తుంది. ఆమె ఎదుట ఎవరి సాయమూ లేకుండా మెట్లెక్కి దిగితే, పైగది మళ్లీ తనదవుతుంది. మోకాలి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మామ్మకు హాల్లోనే పడక. వచ్చేపోయేవాళ్ల ముందు గురక పెట్టడం ఆమెకు తలవంపులుగా ఉంది.

అడ్డల్లా కొడుకే. తల్లి ఎక్కడ పడిపోతుందోనని వాకర్‌కు సైకిల్ గంట బిగించాడు. లేచేముందు ఆమె గంట కొట్టాలి. ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకోవాలి.

"నడిచేది నేనా, మీరా?" అని మామ్మ అడిగితే, "అన్నిటికీ పంతమేనా అమ్మా!" అనేవాడు.

అందుకే పరీక్షకు ముందు ఒకసారి ఒంటరిగా ఎక్కి చూసుకుందామనుకుంది. కొడుకు స్నానానికి వెళ్లగానే వాకర్‌ను మెట్ల దగ్గర వదిలేసి కమ్మీ పట్టుకుంది. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. ఫిజియోథెరపీ అమ్మాయి నేర్పిన ఆ మాటే గొణుక్కుంటూ ఎక్కేసింది. పైగదిలో తన కుర్చీలో కూర్చోగానే ప్రాణం లేచొచ్చింది.

కింద కాఫీ తెచ్చిన కోడలికి ఖాళీ మంచం, ఒంటరి వాకర్ కనిపించాయి.

"ఏమండీ! అత్తయ్యగారు లేరు!"

"గంట మోగలేదే!" అంటూ కొడుకు తువ్వాలు చుట్టుకుని, ఒంటినిండా సబ్బు నురగతో వచ్చాడు. ఆ కేకలకు ఎదురింటి టైలరు కూడా వచ్చాడు.

"పైన చూశారా?"

"మా అమ్మ మెట్లెక్కడమా! భలేవారే!"

"మరి ఇందాక ఈ వీధిలోంచి అంబులెన్స్ వెళ్లింది..."

కోడలు భోరుమంది. "నేనిక్కడే ఉన్నానర్రా!" అని మామ్మ పైనుంచి అరిచింది గానీ, ఆ ఏడుపులో ఎవరికి వినపడుతుంది? కొడుకు స్కూటర్ తాళాల కోసం పరుగెత్తి, తన నురగ మీద తనే జారి, మెట్ల ముందు చతికిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే ఫిజియోథెరపీ అమ్మాయి గుమ్మంలోకి వచ్చింది. అదే సమయానికి మెట్ల మీద ఆపరేషన్ కాలు ముందు దిగింది. దాని వెనకే మంచి కాలు. కోడలు పట్టుకోబోయింది.

"ముట్టుకోకు! పరీక్ష జరుగుతోంది," అంది మామ్మ.

తల నిటారుగా పెట్టుకుని ఆఖరి మెట్టూ దిగింది. ఫిజియోథెరపీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. టైలరూ కొట్టాడు. నేల మీదున్న కొడుకు నొప్పి మరిచి నోరు తెరిచాడు.

"పాసయ్యారు మామ్మగారూ! ఇక పైగది మీదే," అని, కొడుకు చీలమండ నొక్కి చూసింది ఆ అమ్మాయి. "మీకు మాత్రం బెణికింది. వాపు తగ్గేదాకా మెట్లెక్కకండి. వాకర్ పట్టుకునే నడవండి."

మామ్మ స్వయంగా వాకర్ తెచ్చి అతని ముందు పెట్టింది.

"లేచేముందు గంట కొట్టు నాయనా. పంతం పట్టకు."

మధ్యాహ్నం నుంచి హాల్లో గంట మోగుతూనే ఉంది. పైగదిలో మామ్మ తలుపేసుకుని గురక పెడుతోంది.