జలభూతం, రోజుకు మూడు ఆటలు

ఒక పెద్ద అడవిలో ఈ చివర పుకారు బయల్దేరితే, ఆ చివరకు చేరేసరికి దానికి పిల్లలు కూడా పుట్టేవి. అంత పెద్ద అడవి.

ఆ అడవిలో చిన్న జంతువులన్నిటికీ ఒకటే పిచ్చి, 'నీటికోట' కథ. డిప్పమ్మ అనే ముసలి తాబేలు ప్రతి శుక్రవారం చెప్పేది. నీళ్ళ అడుగున ఎర్రరాతి కోట, దాన్ని కాపాడే పొడుగు ముక్కు జలభూతం, ఆ కోట చేరాలని బయల్దేరిన చిట్టెలుక రాకుమారి. పన్నెండు భాగాలయ్యాయి. రాకుమారి ఇంకా దారిలోనే ఉంది.

ఈ కథకు అభిమాన సంఘం పెట్టింది పొగడ అనే ఉడుత. పన్నెండు భాగాలూ దానికి నోటికొచ్చు. నిద్రలో లేపి అడిగినా ఏడో భాగంలో రాకుమారి ఏ కాలు ముందు పెట్టిందో చెప్పేది.

ఒకరోజు పొద్దున్నే చూస్తే తుమ్మలరేవు చుట్టూ వెదురు తడికలు లేచి ఉన్నాయి. 'అటవీ మండలి పనులు. లోపలికి రాకూడదు' అని బోర్డు. అందరూ నీళ్ళు తాగే రేవు అది. అది పోతే రాళ్ళవాగు దాకా నడవాలి, ఎండలో ఒక పూట పడుతుంది.

గొడవ కావాల్సిందే. కానీ కుందేలు దూదిబాబు తడికల సందులోంచి తొంగిచూసి, చెవులు నిక్కించుకుని పరిగెత్తుకొచ్చాడు.

"పొగడక్కా! లోపల పెద్ద గొయ్యి తవ్వుతున్నారు. పక్కనే ఎర్రరాయి గుట్ట పోశారు!"

పొగడ చేతిలో రేగుపండు జారిపోయింది. "ఎర్రరాయా? కోట గోడలు ఏ రాయివిరా?"

"ఎర్రరాయివే!"

ఇద్దరూ ఒకేసారి అరిచారు. "నీటికోట పార్కు!"

మధ్యాహ్నానికి కాకి పైనుంచి చూసొచ్చి, గొయ్యి అచ్చం రాకుమారి కిరీటంలా ఉందని చెప్పింది. సాయంత్రానికి అందులో పడవలు తిరుగుతాయని తేలింది. మర్నాటికి ఆ పడవల్లో ముందు ఎవరెక్కాలని ముంగిసలు కొట్టుకున్నాయి. తన పక్కన ఎవరూ కూర్చోరు గనక తనకు విడిగా పడవ కావాలని ముళ్ళపంది అర్జీ రాసింది. లేని పడవకు రెండు కమిటీలు ఏర్పడ్డాయి.

పొగడ అందర్నీ వెంటేసుకుని మండలి ఆఫీసుకు వెళ్ళింది. కార్యదర్శి కిటుకేశ్వరం నక్క. ఏ దరఖాస్తు వచ్చినా 'పరిశీలనలో ఉంది' అనడంలో పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు.

"కార్యదర్శి గారూ, తడికల వెనక కడుతున్నది నీటికోట పార్కేనా అండీ?"

ఆ పేరు వినడం కిటుకేశ్వరానికి అదే మొదటిసారి. అక్కడ కడుతున్నది మండలి అధ్యక్షుడు దంతయ్య ఏనుగు గారి సొంత స్నానాల కొలను. రేవు ఏమైందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలా అని రెండ్రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాడు. ఇప్పుడు జవాబు తనంతట తనే నడిచొచ్చింది.

"ఈ దశలో ఏమీ చెప్పలేం," అన్నాడు.

"కాదనలేదు!" అని ఎగిరాడు దూదిబాబు.

"అవుననీ అనలేదయ్యా."

"అవును అనొద్దని పైనుంచి ఆర్డరు! అంటే ఖాయం!"

ఆఫీసు దద్దరిల్లేలా ఈలలు వేశారు. కిటుకేశ్వరం గొంతు సవరించుకున్నాడు. "పని మాత్రం కాస్త నెమ్మదిగా సాగుతోంది. రాళ్ళు మోసేవాళ్ళు ఎవరైనా ఉంటే..."

ఆ మాట పూర్తయ్యేలోపే ఆఫీసు ఖాళీ అయింది. అందరూ రాళ్ళగుట్ట దగ్గర ఉన్నారు.

ఇరవై రోజులు మోశారు. మోయడంతో ఆగలేదు. నాలుగో భాగంలో ఉన్నట్టే గేటు మీద చేపల్ని చెక్కారు. మెట్ల పక్క జారుడుబండ కావాలని దంతయ్య గారి ప్లానులోనే ఉంది. అది చూసి పొగడ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "తొమ్మిదో భాగంలో జలభూతం జారేది దీని మీదేరా!"

ఒక్క సంగతే దానికి ముల్లులా గుచ్చుకునేది. దూదిబాబు పిల్లలు రాళ్ళవాగు నుంచి పెదవులు పగిలి తిరిగొచ్చేవాళ్ళు. "కాస్త ఓర్చుకోండమ్మా, కోట వచ్చేస్తోంది," అనేది పొగడ. ఆ మాట అన్నప్పుడల్లా ఇంకో రాయి ఎక్కువ మోసేది.

చివరిరోజు పొగడ గోడ సందుల్లో గులకరాళ్ళు కూరుస్తుంటే, అవతల దంతయ్య గారి గొంతు వినిపించింది.

"రేపటి నుంచి నా స్నానం ఇక్కడే. అవునుగానీ, ఇది పార్కని ఈ వెర్రిబాగుల వాళ్ళకు ఎవరు చెప్పారయ్యా?"

"ఎవరూ చెప్పలేదండీ," అన్నాడు కిటుకేశ్వరం. "వాళ్ళకు వాళ్ళే చెప్పుకున్నారు. పూర్తయ్యాక 'భద్రతా కారణాల వల్ల ప్రవేశం లేదు' అని బోర్డు తగిలిద్దాం."

"ఇంతకీ ఏం కథది?"

"మనకెందుకండీ కథలు."

పొగడ చేతిలో గులకరాయి చేతిలోనే ఉండిపోయింది. పగిలిన ఆ చిన్న పెదవులు కళ్ళముందు కదిలాయి. గోడ దిగి పరుగున వెళ్ళి సంఘాన్ని పిలిచి, విన్నది విన్నట్టు చెప్పింది.

అందరూ ఒక్క క్షణం దాని మొహం చూశారు. తర్వాత చప్పట్లు కొట్టారు.

"అక్కా, ఆ మాత్రం తెలీదా?" అన్నాడు దూదిబాబు. "ప్రారంభం రోజున మనం ఆశ్చర్యపోవాలని, నీకు వినబడేలా అబద్ధం చెప్పారు. అంటే రేపే ప్రారంభం!"

"ఒరే, నా చెవులతో విన్నానురా!"

"చెవులతోనే కదా వినిపించారు!"

ఎంత కాదంటే అంత అవునన్నారు. ఈ నమ్మకం నేర్పింది తనే మరి. పొగడ వెళ్ళి డిప్పమ్మ ముందు కూలబడి ఏడ్చింది.

డిప్పమ్మ మెడ బయటికి చాపింది. "నా కథ పేరు చెప్పి రేవు కాజేశారా? నన్నొక్క మాటైనా అడగలేదే!" కాసేపు బుసలు కొట్టి, "వాళ్ళలో ఒక్కడైనా కథ విన్నాడా?" అంది.

"లేదవ్వా."

"అయితే తర్వాత ఏం జరుగుతుందో వాళ్ళకు తెలీదు. నీకు తెలుసు."

పొగడ ఏడుపు ఆపింది. దాని తోక నెమ్మదిగా పైకి లేచింది.

మర్నాడు ఎండెక్కేవేళకు గేటు ముందు ఇసుకేస్తే రాలనంత జనం. కిటుకేశ్వరం అడ్డం నిలబడ్డాడు.

"లోపలికి వీల్లేదు!"

పొగడ గేటెక్కి గట్టిగా అంది. "విన్నారా? కోట గేటు కాపలావాడు ఏమంటాడు?"

"మూడుసార్లు వీల్లేదంటాడు, ఆ తర్వాత తోసుకుపోవడమే!" అని జనం.

"నేను కాపలావాణ్ణి కాదు, కార్యదర్శిని! వీల్లేదంటే వీల్లేదు!"

"మూడూ అయ్యాయి!" అని కేకపెట్టి ఒక్క తోపు తోశారు. గేటు ఊడిపడింది, చేపలతో సహా.

లోపల దంతయ్య గారు కళ్ళు మూసుకుని, కూనిరాగం తీస్తూ, జారుడుబండ మీద నుంచి సర్రున జారి నీళ్ళలో పడ్డారు. కళ్ళు తెరిచేసరికి చుట్టూ అడవి అంతా ఉంది.

"జలభూతం!" అని అరిచింది పొగడ.

ఆ కేరింతలకు చెట్ల మీద ఆకులు రాలాయి. దంతయ్య గారికి ఒళ్ళు మండిపోయింది. తొండం నిండా నీళ్ళు పట్టి బుస్సున జనం మీద చిమ్మారు. అది పదకొండో భాగం. జలభూతం ముక్కుతో నీళ్ళు చల్లితే తడిసినవాళ్ళంతా కోట వీరులైపోతారు.

"నేను తడిశాను! నేను తడిశాను!" అని ముంగిసలు పల్టీలు కొట్టాయి. ముళ్ళపంది ఆనందంతో ఏడ్చేసింది. దూదిబాబు పిల్లలు నోళ్ళు తెరుచుకుని, పడిన నీళ్ళు పడినట్టే తాగేశారు.

"నేను అధ్యక్షుణ్ణి! ఇది నా..." అని ఘీంకరించారు దంతయ్య గారు.

గోల ఒక్కసారిగా ఆగింది. పొగడ జారుడుబండ మీదకు దూకి ఎదురుగా నిలబడింది.

"చెప్పండి అధ్యక్షా. ఇది మీ ఏమిటి?"

దంతయ్య గారు చుట్టూ చూశారు. ఇరవై రోజులు ఉత్తినే రాళ్ళు మోసిన వీపులు. రేవు లేక ఎండిన గొంతులు. కిటుకేశ్వరం కోసం వెతికారు. అతను గేటు కింద ఉన్నాడు.

"ఇది... మీ పార్కు," అన్నారు చిన్నగా. "ప్రజల కోరిక మేరకు."

"వన్స్ మోర్!" అని కాకి అరిచింది. దంతయ్య గారు మళ్ళీ మెట్లెక్కి జారక తప్పలేదు.

ఆ వారమే మండలి తీర్మానం చేసింది. జలభూతం రోజుకు మూడు ఆటలు. ఆటకూ ఆటకూ మధ్య ఎవరైనా వచ్చి నీళ్ళు తాగొచ్చు. కథ వాడుకున్నందుకు డిప్పమ్మకు ముందు వరసలో మెత్తటి నాచు పరిచిన చోటు. తడికలు పీకి కిటుకేశ్వరం చేతే మోయించారు.

మొదటి వారం దంతయ్య గారు తిట్టుకుంటూ జారారు. రెండో వారం జారేముందు గొంతు సవరించుకున్నారు. మూడో వారం మధ్యాహ్నం ఆట అయ్యాక, ఎవరూ లేకుండా చూసి పొగడను పక్కకు పిలిచారు.

"అమ్మాయీ, ఒక్క మాట. వచ్చే భాగంలో జలభూతం చచ్చిపోదు కదా?"

"ఈ దశలో ఏమీ చెప్పలేం అధ్యక్షా," అంది పొగడ.

ఆ శుక్రవారం డిప్పమ్మ నోరు విప్పకముందే దంతయ్య గారు వచ్చి, వెనకవాళ్ళకు అడ్డమవుతున్నా సరే, ముందు వరసలో కూర్చున్నారు.

నీతి: జనాన్ని మోసం చేయదలచినవాడు, ముందు వాళ్ళ కథను ఆఖరి భాగం దాకా విని తీరాలి.