ఒమేర్ దాచిన సీసా

ఉదయపు మంచు, బీరులో వేసే హాప్ తీగల గుంజల నడుమ ఇంకా నిద్రపోతూనే ఉంది. గోదెలీవ రెండు గ్లాసులను మూడోసారి తుడిచింది. పదకొండు గంటలకు ఒమేర్ పాత స్నేహితుడు మౌరిట్స్ వస్తాడు. ఇద్దరూ కలిసి, పోయిన ఆమె భర్త ఒమేర్ దాచిన ఆఖరి సీసా తెరుస్తారు. రేపు మౌరిట్స్ సముద్రపు ఒడ్డున ఉన్న వృద్ధాశ్రమానికి వెళ్లిపోతాడు. ఇక ఒమేర్ గురించి మాట్లాడుకోవడానికి ఆమెకు ఊళ్లో ఎవరూ మిగలరు.

మఠంలో సన్యాసులు కాచే నల్లబీరు పన్నెండేళ్లకు గానీ మనసు విప్పదని ఒమేర్ నమ్మకం. సీసాను నేలమాళిగలో పడుకోబెట్టి, దూలం మీద సుద్దతో పన్నెండేళ్ల తర్వాత వచ్చే ఈ రోజు తేదీని రాసి, ఆ శీతాకాలమే కన్నుమూశాడు. అప్పటినుంచీ ఆమె రోజూ కిందికి దిగి ఆ సీసాను పలకరించి వచ్చేది. నిన్న పైకి తెచ్చింది. మడ్డి అడుక్కు దిగాలంటే ఒక రోజు నిలబెట్టి ఉంచాలి. పిల్లి తన్నేస్తుందేమోనన్న భయంతో వరండాలోని చెక్కపెట్టెలో, ఇరవైమూడు ఖాళీ సీసాల మధ్య నిలబెట్టింది. మఠం సీసాలకు కాగితం అంటించరు. మూతే గుర్తు; ఖాళీలకూ అదే తిరిగి నొక్కి ఇస్తారు.

పది గంటలకు చూస్తే పెట్టె లేదు. గడప మీద పక్కూళ్లో ఉండే ఆడపడుచు జుల్మా చీటీ ఉంది: "వదినా, ఈ రోజు మఠంలో బీరు తీసుకునే వంతు నాది. నీ ఖాళీలు కూడా ఇచ్చేస్తా. థాంక్సులు అక్కర్లేదు."

మౌరిట్స్ టై కట్టుకుని వచ్చాడు.

"ఏంటి, అలా పాలిపోయావు?"

"ఒమేర్ వెళ్లిపోయాడు."

"పన్నెండేళ్లయింది కదా!"

"మళ్లీ వెళ్లాడు. జుల్మా కారులో."

సంగతి విని ఆమెకంటే అతనే ఎక్కువ పాలిపోయాడు. "పోనీలే గోదెలీవ. వదిలేద్దాం."

"వదిలేస్తావా? బండి తాళం తియ్!"

మౌరిట్స్ కారు అమ్మేశాడు. మిగిలింది ట్రాక్టరే. అది మంచులో పడవలా సాగింది. ఆవులు మేఘాల్లోంచి తలలు బయటపెట్టి చూశాయి. కాసేపు గోదెలీవకు తాము ఎక్కడికి వెళ్తున్నదీ గుర్తులేదు. వెళ్తూనే ఉంటే బాగుండనిపించింది.

మఠం గేటు దగ్గర కార్ల బారు. జాబితా పట్టుకున్న సన్యాసి తలెత్తాడు. "బండి నంబరు?"

"ట్రాక్టరు, బ్రదర్."

"ఫోన్ చేసి వంతు తీసుకున్నవాళ్లకే బీరమ్మా."

"నాకు బీరొద్దు. మా ఆయన కావాలి."

"ఎక్కడున్నారు?"

"ఖాళీ సీసాల్లో."

వెనక కారులోని ఆవిడ నిట్టూర్చింది. "మా ఆయనా అక్కడే ఉంటాడు!"

పన్నెండేళ్ల సీసా ఖాళీల్లో కలిసిపోయిందన్న మాట బారంతా పాకింది. జనం కార్లు దిగి పెట్టెలు కలియబెట్టారు. అప్పటికే ఖాళీలు అప్పగించేసిన జుల్మా లబోదిబోమంటూ అందరికంటే ఎక్కువగా కలియబెట్టింది. మధ్యాహ్నపు గంట మోగేసరికి అందరూ ఆగారు. ఆ నిశ్శబ్దంలో సన్యాసి ఒక సీసాను ఎత్తి, బరువు చూసి, చిరునవ్వు నవ్వాడు.

మూత తీశారు. బుస్సుమనలేదు. నురగ రాలేదు. గోదెలీవ ఒక గుటక మింగింది.

"కాఫీ," అంది. "చికోరీ ఎక్కువైంది."

మౌరిట్స్ టోపీ తీశాడు. "చివరి వారంలో ఒమేర్, పన్నెండేళ్లు ఆగలేనురా అన్నాడు. నువ్వు మందులకు వెళ్లినప్పుడు తాగేశాం. నీకు తెలియకుండా కాఫీ పోసి, మీ ఇంట్లోని పనిముట్టుతోనే కొత్త మూత బిగించాం."

"ఎలా ఉంది?"

"లేతగా. వాడు కళ్లు మూసుకుని, 'గోదెలీవ ఒప్పుకోదు గానీ, ఇప్పుడే బాగుందిరా' అన్నాడు."

ఆమె సీసాను వెలుతురుకెత్తి చూసింది. "పన్నెండేళ్లు కాఫీతో కబుర్లు చెప్పానన్నమాట!" అని, కడుపు పట్టుకుని నవ్వింది.

జుల్మా ఏం చేయాలో తోచక తన కొత్త పెట్టెలోంచి ఒక సీసా తెరిచింది. గ్లాసులను కూడా పిల్లి తన్నేస్తుందేమోనని గోదెలీవ వాటిని కోటు జేబులో వేసుకునే వచ్చింది. గోడ నీడలో కూర్చుని తాగారు. ముందు మాడిన చక్కెర, వెనక ఎండిన పండ్లు, రొట్టె పెచ్చు. ఆఖరున ఓ చిన్న చేదు, దాని వెంటే గుండెలో పొయ్యి రాజుకున్నట్టు వెచ్చదనం. గంట శబ్దం ఆమె చెవుల్లో ఇంకా కరుగుతూనే ఉంది. ఒమేర్ పక్కనే కాళ్లు చాపుకుని కూర్చున్నట్టుంది.

ఆమె జుల్మా పెట్టెలోంచి ఇంకో సీసా తీసుకుని, సన్యాసి దగ్గర సుద్దముక్క అడిగి, దాని మీద పన్నెండేళ్ల తర్వాతి తేదీ రాసింది.

"మౌరిట్స్, దీన్ని తెరవడానికి నువ్వు రావాలి. మధ్యమధ్యలో వచ్చి ఎలా ఉందో చూడాలి కూడా."

"అప్పటికి నాకు తొంభైమూడు!"

"అందుకే ముందే చెప్తున్నా."

ఆ సాయంత్రం ఆమె సీసాను నేలమాళిగలో పడుకోబెట్టి, మూతలు బిగించే పనిముట్టును బీరువాలో పెట్టి తాళం వేసింది.