అడిగినదానికంటే ఎక్కువ జీతం

మా కార్మికశాఖ మంత్రిగారు ఒక చారిత్రక ప్రకటన చేశారు. ఇకనుంచి పనిచేసేవారి జీతం పైవాళ్ళు నిర్ణయించరట. ఇద్దరూ సమానమైన కుర్చీల్లో కూర్చుని, బేరమాడి తేల్చుకుంటారట. "ఈ విప్లవం నా కార్ల షెడ్డులోనే మొదలవుతుంది," అన్నారు. విప్లవానికైనా నీడపట్టు చూసుకునే ముందుచూపు ఆయనది.

నేను ఆయన డ్రైవర్ని. అందుచేత ప్రత్యక్ష సాక్షిని.

షెడ్డులో కార్లకు డీటెయిలింగ్ చేసే మనిషి కావాలి. డీటెయిలింగ్ అంటే ఉత్త కడగడం కాదు. సీట్ల మరకలు వదిలించడం, గీతలు మాయం చేయడం, పాతదాన్ని కొత్తదిలా మెరిపించడం. రాజకీయాల్లో దీన్నే ప్రెస్‌మీట్ అంటారు.

మా మరదలిది అదే పని. ఒక షాపులో పన్నెండు వేలకు చేస్తోంది. టీవీలో ప్రకటన విన్న సాయంత్రమే అక్కడ మానేసి మా ఇంటికొచ్చింది.

"తొందరపడ్డావేమోనే," అంది మా ఆవిడ.

"అంతమంది ముందు చెప్పాడక్కా. అబద్ధమాడతాడా?"

నేను మంత్రిగారి దగ్గర జీతం తీసుకునేవాణ్ణి కనక నోరు విప్పలేదు.

ఇంటర్వ్యూ మంత్రిగారి కార్యదర్శి గదిలో జరిగింది. తోడొచ్చిన నేను తలుపు దగ్గర నిలబడ్డాను. సమానత్వం కోసం మా మరదలికి మంత్రిగారి కుర్చీ అంత ఎత్తు కుర్చీ వేశారు. పాదాలు నేలకు అందక ఆమె కాళ్ళు గాల్లో వేలాడాయి.

"ఎంత ఆశిస్తున్నావు?" అన్నారు కార్యదర్శి.

"ఇరవై వేలు సార్."

"జీతాన్ని అలా అంకెల్లో చూడకూడదమ్మా. వాహన సౌందర్య నిపుణురాలు అని హోదా ఇస్తాం. తలుపు మీద బోర్డు కూడా పెడతాం."

"షెడ్డుకు తలుపు లేదు సార్. అంకె చెప్పండి."

ఆయన పదకొండు అన్నారు. ఆమె పంతొమ్మిది అంది. బేరం పదహారు దగ్గర కుదిరేలా ఉండగా మంత్రిగారు లోపలికొచ్చారు. వెనకే కెమెరాలూ వచ్చాయి.

"ఎంత అడిగావమ్మా?"

"ఇరవై వేలండి."

"ఇరవయ్యా? నీ కష్టాన్ని నువ్వే తక్కువ చేసుకుంటావా? ముప్ఫై."

చప్పట్లు మోగాయి.

"ముప్ఫై అక్కర్లేదండి..."

"చూశారా, ఎంత నిరాడంబరత. నలభై."

ఆమె నా వైపు చూసింది. నేను గోడ వైపు చూశాను.

"ఇరవై చాలండి. నిజంగా."

"యాభై," అన్నారు మంత్రిగారు గద్గద స్వరంతో. "ఇంతకంటే తగ్గేది లేదు."

యజమానే జీతం పెంచుతూ పోతే, పనికొచ్చిన మనిషి బతిమాలి తగ్గించమనడం నేనెక్కడా చూడలేదు. మర్నాడు పేపర్లన్నీ ఆ యాభై వేల మాటే రాశాయి. ఇంట్లో మా ఆవిడ సోఫా మార్చాలంది. మరదలు మాత్రం అన్నం సరిగ్గా తినలేదు. "బావా, చాలా ఎక్కువ ఇస్తున్నారు. ఎందుకో భయంగా ఉంది," అంది.

ఉద్యోగంలో చేరడానికి వెళితే కార్యదర్శిగారు ఎంతో ఆప్యాయంగా కూర్చోబెట్టారు.

"యాభై వేలంటే ఆఫీసర్ గ్రేడమ్మా. దానికి డిగ్రీ ఉండాలి."

"నాకు లేదు సార్."

"మా బాధా అదే."

"పోనీ, పదహారుకే చేస్తాను."

ఆయన ముఖం గంభీరంగా మారింది. "మంత్రిగారు లోకం ముందు ఇచ్చిన మాట వెనక్కి తీసుకోమంటావా? ఆయన మాట తప్పే మనిషి కాదు."

మంత్రిగారు నిజంగానే మాట తప్పలేదు. ఆ యాభై వేలూ చరిత్రలో డిగ్రీ ఉన్న ఒక యువకుడికి ఇచ్చారు. ఆయన మంత్రిగారి బావమరిది కావడం డిగ్రీకి అదనపు అర్హత. అయితే ఆఫీసర్ గ్రేడ్‌వాళ్ళు తడిగుడ్డ పట్టుకోకూడదట. అందుకని ఆయన కింద సహాయకురాలిగా మా మరదల్నే పిలిపించారు.

"ఎనిమిది వేలు," అన్నాడు బావమరిది. "నాకు బేరాలు నచ్చవు."

"మరి మీరేం చేస్తారు సార్?"

"పర్యవేక్షణ."

"రెండు చేతులూ ఖాళీయేగా. ఒక గుడ్డ పట్టుకోండి," అని ఆమె వచ్చేసింది.

తర్వాత ఊరి చివర వేరే షాపులో పని చూసుకుంది. ఓనరు పన్నెండు అన్నాడు, ఈమె పదిహేను అంది, టీ చల్లారేలోపల పధ్నాలుగుకు తెగింది. ఎవరూ ఫొటో తీయలేదు.

ఆ వారం మంత్రిగారినీ బావమరిదినీ ఒక సభకు తీసుకెళ్తున్నాను.

"యాభై వేలు ఇస్తామన్నా నిలబడలేదయ్యా ఆ అమ్మాయి," అన్నారు మంత్రిగారు, ఎంతో నొచ్చుకుంటూ. "ఈ రోజుల్లో పనివాళ్ళకి పని మీద శ్రద్ధ లేదు."

బావమరిది తలూపాడు.

అద్దం నిండా దుమ్ము. ఎదురుగా రోడ్డు కనబడక కారు పక్కకు ఆపి, దిగి, నా చొక్కా చేత్తోనే తుడవడం మొదలుపెట్టాను.

వెనక కిటికీ కొద్దిగా దిగింది.

"చూశావా," అంటున్నారు మంత్రిగారు బావమరిదితో, "అద్దం తుడిచినందుకు ఇతను పైసా అయినా అడిగాడా?"