జయరామప్ప గారి దుంపలో విటమిన్

1944లో బెంగళూరులోని ఒక ప్రభుత్వ పరిశోధనశాల లోకహితం కోరి ఒక గొప్ప సత్యం కనుగొన్నది. బంగాళాదుంపలో సి విటమిన్ ఎంతుంటుందన్నది ఆ పొలం యజమాని హోదాను బట్టి ఉంటుందట. కనుగొన్నవాడు ఓబళప్ప, తాత్కాలిక ఉద్యోగి. నెలాఖరులోగా నివేదిక ఇస్తే ఉద్యోగం ఖాయం, లేకుంటే ఇంటిదారే. ఇంట్లో తినే నోళ్ళు ఐదు.

యుద్ధం రోజులవి. సైనికుల ఆసుపత్రికి దుంపలు కావాలి గనుక, ఏ రకానికి, ఏ నేలలో, ఏ ఎరువు వేస్తే విటమిన్ ఎక్కువో తేల్చమన్నారు. ఓబళప్ప పదిహేడు గళ్ళ పట్టిక గీశాడు. విత్తనం పేరు, మట్టి రంగు, పడిన వానలు, ఆఖరికి రైతు తండ్రి పేరు కూడా అడిగాడు. దుంప తవ్వి ఎన్నాళ్ళయిందో మాత్రం అడగలేదు. ఎంతైనా చదువుకున్నవాడు కదా!

ఆ కార్యాలయానికి ఒక మర్యాద ఉంది. వచ్చిన మూటలను పంపినవారి పరువును బట్టి విప్పుతారు. కాడుగోడి భూస్వామి జయరామప్ప గారి బుట్టను వచ్చిన పూటే విప్పారు. ఆయన పక్క పొలం చిక్కమునియప్ప మూట వంతు కోసం రెండు నెలలు వరండాలో పడి ఉంది. దుంప రసంలో నీలం మందు చుక్కలుగా వేస్తే, ఎన్ని చుక్కల రంగు విరిగితే అంత విటమిన్ ఉన్నట్టు. జయరామప్ప గారి రసం ముప్పై చుక్కలు విరగ్గొట్టింది. చిక్కమునియప్పది పదిహేనుకే చేతులెత్తేసింది. ఓబళప్ప ఉబ్బితబ్బిబ్బయ్యాడు.

ఒక్కటే చిక్కు. పట్టిక ప్రకారం రెండు పొలాలకూ ఒకే విత్తనం, ఒకే ఎర్రమట్టి, ఒకే వాన. ఇదేమిటో కనుక్కుందామని చిక్కమునియప్పను పిలిపించాడు. ఆయన వరండాలో మిగిలిన తన మూట కేసి చూశాడు.

"నేనిచ్చినప్పుడు అది ఆ పొద్దు తవ్విన ఉర్లగడ్డ సామీ. మీరు చూసింది రెండు నెల్లు ఎండిన గడ్డ. ఇంగ దాంట్లో ఏముంటాది? ఆ పక్క పొలం ఆయప్పకు విత్తనం ఇచ్చింది గూడా నేనే."

ఓబళప్పకు తల కొట్టేసినట్టయింది. చిక్కమునియప్ప పొలం నుంచే అప్పుడే తవ్విన గడ్డ తెప్పించి చూశాడు. ముప్పై చుక్కలు! తప్పు ఒప్పుకుంటే పని మొదటికొస్తుంది, నెలాఖరుకు మూడే రోజులు. నా మొహానికి శాస్త్రం ఒకటా అని తనను తానే తిట్టుకుంటూ, గుండ్రటి అక్షరాలతో ఇలా రాశాడు: "యజమాని ప్రతిష్ఠ దుంప యొక్క పోషకత్వమును విశేషముగా వృద్ధి చేయుచున్నది." పై అధికారి చదివి, తాను ఎప్పుడో ఊహించానన్నారు. ఉద్యోగం ఖాయమైంది. ఆసుపత్రి కాంట్రాక్టు జయరామప్ప గారికి దక్కింది. ఆయన దుంపలను గోదాములో మూడు నెలలు ఉంచి మరీ పంపారు.

ఉద్యోగం ఖాయమైనందుకు అధికారులకు ఇంట్లో విందు. సంతలో ఓబళప్ప భార్య లక్ష్మమ్మ, తడిమట్టి వదలని దుంపలతో కూర్చున్న చిక్కమునియప్ప దగ్గర ఆగింది. ఓబళప్ప ఆమెను పక్కకు పిలిచాడు.

"ఏది మంచిదో నాకు తెలీదా? వచ్చేవాళ్ళు పెద్దోళ్ళు. ఎవరి గడ్డ అని అడిగితే ఏం చెప్పేది?"

పక్క కొట్లో అమ్ముతున్న గోదాము దుంపలే కొన్నారు. విందులో అతిథులు అడగనే అడిగారు. జయరామప్ప గారి పేరు విన్నాక గానీ ఒక్కరూ కూర కలుపుకోలేదు. మీరైతే అడక్కుండానే తినేవారు, నాకు తెలుసు.